గుణుపురంలో ఉండి తెలుగు చదివేవాళ్ళకి ఈ-రీడర్ పనికొస్తుందా?

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఒడిశాలో మన గుణుపురంలో బ్యాంకు ఉద్యోగం, మూడేళ్ళకోసారి ట్రాన్స్‌ఫరు, ఇల్లు మారిన ప్రతిసారీ పుస్తకాల అట్టపెట్టెల గురించి ఇంట్లో గొడవ, పర్లాకిమిడిలో అమ్మగారి దగ్గర వదిలేసినవాటికేమో చెదలు. చేతిలో 17, 18 వేలు ఉన్నాయి, ఒక ఈ-రీడర్ (పుస్తకాలు చదవడానికే చేసిన మిషన్) కొనేసి ఇకమీదట కాగితం పుస్తకాలు మానేద్దామా అని అడిగారు. చదివేది ముప్పావు వంతు తెలుగు, పావు వంతు ఇంగ్లీషు అని చివర్లో ఒక ముక్క రాశారు చూడండి, నాకు అదే ముఖ్యం. మిగతాదంతా దాని తర్వాతే.

సూటిగా చెప్పేస్తాను. తెలుగు కోసం అయితే ఆ డబ్బు పెట్టి ఆరంగుళాలో ఏడంగుళాలో ఉండే రీడర్ కొనకండి. ఇంగ్లీషు కోసం అయితే హాయిగా కొనుక్కోవచ్చు గానీ మీ పావు వంతు ఇంగ్లీషుకి కొత్తది అక్కర్లేదు, సెకండ్ హ్యాండ్ చాలు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుద్ది.

అందరూ కాగితం వాసన బాగుంటుందా, స్క్రీన్ కళ్ళకి మంచిదా అని మొదలెడతారు. అది కాదు చూడాల్సింది. మీరు ఈ మధ్య చదివిన పది పుస్తకాల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి, ఒక్కోదాని ఎదురుగా అది ఫైలుగా దొరుకుతుందా, దొరికితే ఏ రకం ఫైలు అని రాయండి. ఆ కాగితం చూస్తే కొనాలో వద్దో మీకే తెలిసిపోతుంది. మన తెలుగుకి ఇక్కడే తేడా కొట్టేది.

నేను పర్లాకిమిడిలో ప్రెస్సు నడిపినోణ్ణి, తెలుగూ ఒడియా రెండూ కంపోజ్ చేసేవాళ్ళం, పెళ్ళికార్డులు, గుడి కరపత్రాలు, బిల్లుబుక్కులు, అప్పుడప్పుడు ఊళ్ళో ఎవరో ఒకరి పద్యాల పుస్తకం. ఈ-రీడర్ కూడా చాలా ఏళ్ళ బట్టి వాడుతున్నాను. అందుకని పుస్తకం తయారయ్యే వైపు ఏం జరుగుతుందో కూడా కొంచెం తెలుసు.

ఏటంటే, తెలుగు పుస్తకాలు ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లు పెట్టి కంపోజ్ చేసినవే. ఆ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7, అది వచ్చింది 2001లో, దాని తర్వాత కంపెనీ దాన్ని వదిలేసింది, మన డీటీపీ వాళ్ళు మాత్రం వదల్లేదు. అను ఫాంట్లో టైపు చేసింది పైకి చూడ్డానికి తెలుగు, లోపల కంప్యూటర్‌కి మాత్రం అది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూను. ఆ ఫైల్లోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వెయ్యండి, పిచ్చి ఇంగ్లీషు వస్తుంది. యూనికోడ్ తెలుగు అంటే వేరు, అందులో 'క' అంటే ఏ ఫోన్‌లో అయినా ఏ మిషన్‌లో అయినా 'క'నే. ఈ-రీడర్‌కి కావాల్సింది ఆ యూనికోడ్. అది ఉంటేనే అక్షరం పెద్దది చేసుకుంటే లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి, వెతికితే మాట దొరుకుతుంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, లేవని కాదు, కానీ మార్చాక ఒత్తులు ఎక్కడెక్కడ తప్పిపోయాయో పుస్తకం మొత్తం మళ్ళీ ప్రూఫు చూడాలి. ఐదొందల కాపీలు వేసి అవే అమ్ముకోలేక ఇంట్లో కట్టలు పెట్టుకున్న రచయిత ఆ ప్రూఫుకి ఎక్కడ డబ్బు పెడతాడు? అందుకే తెలుగులో 'ఈబుక్' అంటే చాలాసార్లు పీడీఎఫ్ అనే అర్థం. ఈమధ్య కొత్తగా వచ్చే పబ్లిషర్లు కొందరు మొదట్నుంచే యూనికోడ్‌లో చేస్తున్నారు, వాళ్ళకి దండం పెట్టాలి.

షాపుల వైపు చూసినా అంతే. 2016 డిసెంబర్‌లో అమెజాన్ వాళ్ళు కిండిల్ (వాళ్ళ ఈ-రీడర్ పేరు అది) స్టోర్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలెట్టారు. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఐదు. మనది లేదు. ఆ ఐదు భాషల వాళ్ళకి పబ్లిషర్లు అప్పట్నుంచీ పుస్తకాలు ఎక్కించుకుంటూ పోయారు, మనం వెనకబడ్డాం. మీ బ్యాంకులో మరాఠీ కొలీగో తమిళ కొలీగో "కిండిల్ కొన్నాను, బ్రహ్మాండం" అన్నాడంటే అది వాళ్ళ భాషకి నిజమే, దాన్ని బట్టి మీరు కొనకూడదు. కొనేముందు మీ పది పుస్తకాల్లో తెలుగువి ఆ స్టోర్‌లో టైపు చేసి చూసుకోండి, ఐదు నిమిషాల పని.

"పోన్లెండి, పీడీఎఫ్‌లే వేసుకుని చదువుకుంటాను, ఆర్కైవ్ సైట్లో బోలెడు ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల కొద్దీ ఉన్నాయి, అసలు ఎక్కడా దొరకని పుస్తకాలు కూడా. వాటి పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించారు, ఒకే పుస్తకం కోసం నాలుగు రకాలుగా టైపు చేసి వెతకాల్సిందే, పేజీలు మాయమైనవి ఉంటాయి, నల్లగా మసి పట్టినట్టు వచ్చినవి ఉంటాయి, అయినా సరే అదొక నిధి. కాకపోతే స్కాన్ అంటే పేజీ ఫొటో. ఫొటోలో అక్షరాన్ని విడిగా పెద్దది చెయ్యలేం, పేజీ మొత్తాన్ని జూమ్ చెయ్యాలి, జూమ్ చేస్తే లైను సగం బయటికి పోతుంది.

ఇక్కడ కొంచెం లెక్క చూడండి, ఇది ఎవరూ చెప్పరు. మన పుస్తకాలు ఎక్కువ భాగం డెమ్మీ 1/8 సైజు, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడుగు. ఏడంగుళాల రీడర్ అంటే మూల నుంచి మూలకి ఏడు, అసలు స్క్రీన్ 4.2 వెడల్పు, 5.6 పొడుగు ఉంటుంది. ఎనిమిదిన్నర పొడుగు పేజీని 5.6లో ఇరికిస్తే మూడింట రెండు వంతులకి తగ్గిపోతుంది. 14 పాయింట్లలో (అక్షరం సైజుకి ప్రెస్సు కొలత అది) కంపోజ్ చేసిన తెలుగు మీ కంటికి 9 పాయింట్లుగా కనపడుతుంది. ఆరంగుళాల దాంట్లో అయితే 8కి దిగిపోద్ది. ఇంగ్లీషు 9 పాయింట్లు చదవగలం, నిఘంటువుల్లో చదువుతూనే ఉన్నాం. తెలుగులో అక్షరం కింద ఒత్తు, పైన గుడి, మళ్ళీ ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు, ఇవన్నీ ఆ 9లోనే సర్దుకోవాలి. నలభై దాటిన కళ్ళకి ఒక పేజీ అయ్యేసరికి తల పట్టేస్తుంది.

చిట్కాలు ఉన్నాయి, నేను వాడేవే చెప్తాను. పేజీ అంచుల్లో ఉన్న ఖాళీ కత్తిరించేసి, రీడర్‌ని అడ్డంగా తిప్పి పెట్టుకుంటే డెమ్మీ పేజీలో ఉన్న నాలుగూపావు అంగుళాల మేటర్‌కి 5.6 అంగుళాల వెడల్పు దొరుకుతుంది, అంటే అక్షరం పుస్తకంలో కన్నా పెద్దదే కనిపిస్తుంది. ఒక పేజీ రెండు మూడు ముక్కలుగా కిందకి జరుపుకుంటూ చదవాలి, అంతే. అలవాటు అవుతుంది. కేటూపీడీఎఫ్‌ఆప్ట్ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అది స్కాన్ పేజీలో మాటల్ని బొమ్మలుగానే కత్తిరించి చిన్న స్క్రీన్‌కి సరిపడా మళ్ళీ పేరుస్తుంది, శుభ్రంగా ఉన్న స్కాన్లకి పనిచేస్తుంది, మసి పట్టిన వాటికి ఒత్తుల్ని పై లైను నుంచి ఊడదీసి కింద లైనుకి అంటించేస్తుంది, నవ్వొస్తుంది చదివితే. కోరీడర్ అనే ప్రోగ్రాంలో కూడా ఈ సౌకర్యం ఉంది, కోబో, పాకెట్‌బుక్ అనే వేరే కంపెనీల రీడర్లలో అది తేలిగ్గా ఎక్కుతుంది, కిండిల్‌లో ఎక్కించాలంటే దాని తాళం బద్దలుకొట్టాలి, అంత సరదా లేకపోతే జోలికి పోకండి.

లేదూ నాకు స్కాన్లే ప్రాణం, పాత పత్రికలు, పాత నవలలు తెగ చదువుతాను అనుకుంటే రీడర్లలో ఉండే ఈ-ఇంక్ స్క్రీనే 10.3 అంగుళాల సైజులో ఉన్న మిషన్లు ఉన్నాయి, వాటిలో డెమ్మీ పేజీ దాదాపు అసలు సైజులోనే కనిపిస్తుంది, అప్పుడు ఈ తిప్పలేవీ లేవు. ధర మాత్రం మీ బడ్జెట్‌కి రెట్టింపో ఆపైనో. అంత డబ్బు స్కాన్ల మీద పెట్టడం మీకు నేను చెప్పను. ఇంట్లో మూలన పడున్న పదంగుళాల పాత ట్యాబ్ ఉందా, బ్రైట్‌నెస్ తగ్గించి దాంట్లో చదవండి, కంటికి ఈ-ఇంక్ అంత సుఖం ఉండదు గానీ పైసా ఖర్చు లేదు.

యూనికోడ్‌లో దొరికే తెలుగు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినట్టు. తెలుగు వికీసోర్స్‌లో కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలు టైపు చేసి పెట్టారు, అక్కణ్ణుంచి ఈపబ్‌గా (రీడర్‌లో అక్షరం పెద్దది చేసుకోగలిగే ఫైలు రకం అది) దింపుకోవచ్చు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది, కాబట్టి గురజాడ, గిడుగు లాంటి వాళ్ళవన్నీ ఎప్పుడో స్వేచ్ఛగా అయిపోయాయి. ఆంధ్రభారతి సైట్‌లో పాత కావ్యాలు ఉన్నాయి, నిఘంటువులు కూడా. ఈమాట లాంటి వెబ్ పత్రికలు 1998 నుంచి వస్తున్నాయి, వాటిలో వ్యాసాలు, కథలు కాపీ చేసి ఈపబ్ చేసుకుని రీడర్‌లోకి పంపుకుంటే ఎంత హాయిగా ఉంటుందో, నేను రీడర్‌లో చదివే తెలుగు ఎక్కువగా ఇదే. మన శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం వాళ్ళ సైట్‌లో కథలు బోలెడు ఉన్నాయి గానీ అవి పత్రికల స్కాన్లు, వారపత్రిక పేజీ డెమ్మీ కన్నా పెద్దది, చిన్న రీడర్‌కి ఇంకా కష్టం, అవి కంప్యూటర్‌లో చదవాల్సినవే. ఇక టెలిగ్రామ్ గ్రూపుల్లో కొత్త పుస్తకాల పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి. అవి వద్దు. మీరు అడగలేదు, అయినా చెప్తున్నాను, ఐదొందల కాపీల వాడి పొట్ట కొట్టడం అది.

ఎవరిదైనా రీడర్ చేతికి వస్తే, లేదా కొన్నా సరే, రిటర్న్ గడువు లోపల ఒక పరీక్ష చెయ్యండి. "స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, తీక్ష్ణం, సంస్కృతం" ఈ ఐదు మాటలు ఒక ఫైల్లో టైపు చేసి ఈపబ్ చేసి పంపి చూడండి. ఒత్తులు సరైన చోట కూర్చున్నాయా, లేకపోతే పొల్లు పెట్టి పక్కపక్కన విడిపోయాయా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. డబ్బా గడులు కనిపిస్తే తెలుగు ఫాంట్ లేనట్టు. చాలా రీడర్లలో మన ఫాంట్ మనం వేసుకోవచ్చు. చదవడానికి మండలి ఫాంట్ బాగుంటుంది, గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ. గిడుగు అని కూడా ఒక ఫాంట్ ఉంది, మన పర్లాకిమిడి స్కూల్లో 1880 నుంచి పాఠాలు చెప్పి, 1936లో ఊరు ఒరిస్సాలో కలిసిపోయిందని అలిగి రాజమండ్రి వెళ్ళిపోయిన ఆ పంతులుగారి పేరే పెట్టారు. పేరు మీద ప్రేమతో దాన్ని పుస్తకానికి పెట్టుకోకండి, అది పోస్టర్లకి, హెడ్డింగులకి చేసిన ఫాంట్. ఇంకోటి, మన పిన్‌కోడ్‌కి రిటర్న్ పికప్ ఉందో లేదో ఆర్డర్ పెట్టకముందే చూసుకోండి, బరంపురానికి ఉన్నంత సుఖం గుణుపురానికి అన్నిటికీ ఉండదు.

ఇంగ్లీషు విషయానికొస్తే నా మాట మారిపోతుంది. ఇంగ్లీషుకి ఈ-రీడర్ అంత మంచి వస్తువు ఇంకోటి లేదు. ఆ స్క్రీన్ లోపల వెంట్రుక మందం బుడగల్లో తెల్ల రేణువులు, నల్ల రేణువులు ఉంటాయి, కరెంటు ఇస్తే పైకి కిందకి కదులుతాయి, కదిలాక కరెంటు లేకపోయినా అక్కడే ఉండిపోతాయి. పేజీ తిప్పినప్పుడు, లైటు వేసినప్పుడు తప్ప బ్యాటరీ పెద్దగా ఖర్చవదు. ఎండలో ఇంకా బాగా కనిపిస్తుంది. పేపర్‌వైట్ అనే కిండిల్ మోడల్‌కి పన్నెండు వారాల బ్యాటరీ అని రాస్తారు, చిన్న అక్షరాలు చదవండి, రోజుకి అరగంట చదివితే అని ఉంటుంది, అంటే మొత్తం 42 గంటలు. అదీ తక్కువేం కాదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో కరెంటు రోజుల తరబడి లేదు, ఫోన్లన్నీ చచ్చిపోయాయి, ప్రెస్సులో పేపర్ రీములు తడిసి ముద్దయ్యాయి, రీడర్ మాత్రం నడుస్తూనే ఉంది. మాట మీద వేలు పెడితే అర్థం వస్తుంది, ఇంగ్లీషు చరిత్ర పుస్తకాలకి అది పెద్ద సాయం. గుణుపురం నుంచి విశాఖ పాసింజరులో పడి వెళ్ళేటప్పుడు ఏడొందల పేజీల పుస్తకం ఒంటి చేత్తో పట్టుకుని చదవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, దాంట్లో వాట్సప్ రాదు. నాకైతే రీడర్ గొప్పతనం సగం ఇదే.

ధర మాట. పేపర్‌వైట్ కొత్త మోడల్ 2025 ఏప్రిల్‌లో మన దగ్గర 16,999కి వచ్చింది. తెలుగు పుస్తకం సగటున రెండొందలు అనుకోండి, ఆ డబ్బుకి 85 పుస్తకాలు. రీడర్ కొన్నాక పుస్తకాలు ఊరికే రావు, వాటికి మళ్ళీ డబ్బు పెట్టాలి, ఒక్కోసారి ఇంగ్లీషు పేపర్‌బ్యాక్ ఈబుక్ కన్నా చవగ్గా ఉంటుంది మన దేశంలో. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, ఈబుక్‌కి 5 శాతం ఉంది, అదీ దాని అచ్చు కాపీ ఉంటేనే, లేకపోతే 18. కాబట్టి 'డబ్బు ఆదా అవుతుంది' అని ఎవరైనా అంటే ఏడాదికి ఎన్ని ఇంగ్లీషు పుస్తకాలు చదువుతారు అని అడగండి. మీ లెక్కన ఏడాదికి ఐదో ఆరో. దానికి పాత కిండిల్ చాలు. సెకండ్ హ్యాండ్ కొంటే మూడు చూడండి, పాత ఓనరు అకౌంట్ నుంచి డీరిజిస్టర్ చేశాడా, స్క్రీన్ మీద కదలని గీత ఏదైనా ఉందా, రాత్రి చార్జ్ పెట్టి వదిలేస్తే పొద్దున్నకి ఎంత మిగిలింది. మరీ పాతదైతే స్టోర్ పనిచెయ్యకపోవచ్చు, అదీ అక్కడే తెరిచి చూడండి.

పుస్తకాలు మానేసి మొత్తం ఈబుక్కుల్లోకి వెళ్ళిపోదామన్న ఆలోచనకి ఇంకో అడ్డం ఉంది. స్టోర్‌లో కొన్న ఈబుక్ మీది కాదు, చదువుకునే లైసెన్సు మాత్రమే మీది. 2009లో ఒక ఇంగ్లీషు రచయిత పుస్తకాలు రెండు, డబ్బు కట్టి కొన్నవాళ్ళ కిండిల్స్‌లోంచి అమెజాన్ వాళ్ళే దూరం నుంచి తీసేశారు, హక్కుల గొడవ వచ్చిందని. డబ్బు వాపసు ఇచ్చారు, క్షమాపణ కూడా చెప్పారు, కానీ తియ్యగలరని అందరికీ తెలిసిపోయింది కదా. 2025 ఫిబ్రవరి 26 నుంచి అయితే కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని కేబుల్‌తో ఎక్కించుకునే దారి కూడా మూసేశారు. మనం సొంతంగా ఎక్కించుకున్న ఈపబ్‌లకి ఆ బాధ లేదు. ఒకసారి చదివి పడేసే థ్రిల్లర్‌కి లైసెన్సు అయినా ఒకటే, మీ అబ్బాయికి మిగల్చాలనుకునే పుస్తకం మాత్రం కాగితం మీదే కొనండి.

అబ్బాయి అంటే గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళు, ఇంగ్లీషు మీడియం, రెండో భాష ఒడియా, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు అన్నారు. ఇటువైపు మన ఇళ్ళల్లో అందరి పిల్లలదీ అదే కథ. ఇంట్లో ఉన్న తెలుగంతా మీ రీడర్‌లో దూరిపోతే వాడి కంటికి తెలుగు అక్షరం ఎక్కడ కనిపిస్తుంది? మంచి పుస్తకం వాళ్ళ చిన్న చిన్న పుస్తకాలు తెప్పించండి, పెద్ద అక్షరాలు, బొమ్మలు, ధర కూడా తక్కువ. స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు పిల్లల పుస్తకాలు ఫ్రీగా ఉన్నాయి, కానీ అవి ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో రంగుల్లో చూపించండి, నలుపు తెలుపు రీడర్‌లో చూపిస్తే వాడు రెండో పేజీకే లేచిపోతాడు.

అమ్మగారి సంగతి వేరు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు చదవలేకపోతున్నారు, భాగవతం కావాలంటున్నారు అన్నారు. ఇక్కడ మాత్రం స్క్రీన్ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే పోతన భాగవతం మొత్తం యూనికోడ్‌లో తెలుగుభాగవతం డాట్ ఆర్గ్‌లో ఉంది, పద్యం, టీక, తాత్పర్యంతో సహా. అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు. మరీ పెద్దది చేస్తే పద్యం పాదం మధ్యలో విరిగి కింద లైనుకి పడుతుంది, పద్యం నోటికొచ్చిన వాళ్ళకి అది చిరాకు, అందుకే ఆవిడకి ఏడంగుళాల రీడర్ కాదు, పదంగుళాల ట్యాబ్ అడ్డంగా స్టాండ్ మీద పెట్టి ఇవ్వండి. బటన్లు నేర్పక్కర్లేదు, ఆ ఒక్క పేజీ తెరిచి పెట్టి వేలితో పైకి తొయ్యడం చూపిస్తే చాలు. ఈ ట్యాబ్‌లోనే మీ స్కాన్లు కూడా చదువుకుంటారు, ఒక దెబ్బకి రెండు పనులు. ఆవిడ ఉండేది పర్లాకిమిడి, మీరు గుణుపురం, ట్యాబ్ ఎవరి దగ్గర ఉండాలన్న తగువు మీరూ మీరూ తేల్చుకోండి.

ఇక ఉన్న పుస్తకాలు. చెదలకి ఈ-రీడర్ మందు కాదు. బీరువా గోడకి నాలుగంగుళాలు ఎడంగా, నేలకి ఆనకుండా పెట్టండి, చెక్కది కాకుండా ఇనుపదైతే మేలు. చెదలు పట్టినవాటిని ముందు వేరే గదిలోకి తీసెయ్యండి, మిగతావాటి పక్కన ఉంచి దులిపితే లాభం లేదు, గోడలో దారి ఉంటే పురుగుల మందు కొట్టేవాణ్ణి పిలవాల్సిందే. వానాకాలం పోయాక ఏడాదికోసారి నీడలో గాలికి ఆరబెట్టండి, మండుటెండలో వద్దు, అట్టలు వంగిపోతాయి. ట్రాన్స్‌ఫర్లకి పెద్ద పెట్టెలు వాడకండి, పుస్తకాల పెట్టె చిన్నదే ఉండాలి, కూలీ కూడా తిట్టుకోడు. మళ్ళీ చదువుతాను అనుకున్నవే వెంట తీసుకెళ్ళండి. మిగతావాటిలో కథల సంపుటాలు, పాత పత్రికలు ఉంటే కథానిలయం వాళ్ళని అడగండి, వాళ్ళ దగ్గర లేనివి ఉంటే అక్కడ పదిమందికీ పనికొస్తాయి, పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళం పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు.

కొత్త పుస్తకాలు మన వైపు దొరకవు అన్నదే మీ అసలు బాధ అయితే, దానికీ రీడర్ మందు కాదు. తెలుగు పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇప్పుడు గుణుపురానికీ వస్తున్నాయి. పోస్టాఫీసు వాళ్ళు 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని మొదలెట్టారు, పుస్తకాలకే, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100. నెమ్మదిగా వస్తుంది, విమానంలో కాదు, నేల మార్గంలోనే పంపిస్తారు. పబ్లిషర్‌కి ఫోన్ చేసినప్పుడు "జ్ఞాన్ పోస్ట్‌లో పంపండి" అని మీరే చెప్పండి, చాలామందికి గుర్తుండదు, కొరియర్ పెట్టి పుస్తకం ధరలో సగం దానికే వేస్తారు. నాలుగైదు పుస్తకాలు కలిపి తెప్పించుకుంటే ఇంకా నయం. జనవరి మొదట్లో బెజవాడలో పుస్తకాల పండగ జరుగుతుంది, రాయగడ వెళ్ళి రైలెక్కితే రాత్రి ప్రయాణం, వీలైతే ఒకసారి వెళ్ళండి.

అయితే మీ 17 వేలు ఏం చెయ్యాలి అంటే, నా మాట వింటే అమ్మగారికి ఒక మామూలు పదంగుళాల ట్యాబ్, మీ ఇంగ్లీషుకి ఒక పాత కిండిల్, మిగిలింది పుస్తకాలకి. ఆ పాత కిండిల్ కూడా ఇప్పుడే కాదు. ముందు ఫోన్‌లో కిండిల్ యాప్ వేసుకుని ఒక ఇంగ్లీషు పుస్తకం శాంపిల్, వికీసోర్స్ నుంచి ఒక తెలుగు ఈపబ్, ఒక డెమ్మీ స్కాన్, ఈ మూడూ ఒక నెల చదవండి. ఇంగ్లీషు పూర్తిగా చదివి ఇంకా కావాలనిపిస్తే కిండిల్ కొనండి, శాంపిల్ దగ్గరే ఆగిపోతే మానెయ్యండి. ఒకవేళ మీకు ప్రమోషన్ పరీక్షలు ఉండి ఇంగ్లీషు చదువు సగానికి పెరిగితే నా సలహా మారుతుంది, అప్పుడు కొత్త పేపర్‌వైట్ తీసుకున్నా తప్పులేదు.

మీరు రాసుకున్న ఆ పది పుస్తకాల లిస్టు పెట్టండి, వాటిలో ఏవి యూనికోడ్‌లో దొరుకుతాయో, ఏవి స్కాన్లో, ఏవి అచ్చులో తప్ప దొరకవో నాకు తెలిసినవి చెప్తాను.